పాతరేసిన కారు

మా ఇంట్లో కారుని పాతరేశాం. ఈ మాట ఎక్కడన్నా అంటే జనం ముందు నవ్వుతారు, తర్వాత నిజమేనా అన్నట్టు నా మొహంలోకి చూస్తారు. నవ్వితే నవ్వనీండి. జొన్నలు దాచుకునే పద్ధతిలో కారుని దాచిన ఇల్లు మాది. చేసినవాళ్ళు పిచ్చివాళ్ళేం కాదు. తిరువూరు మెట్టలో సేద్యం చేసి, కరువులన్నీ గట్టెక్కిన మనుషులు.

ఆ కారు మా తాతయ్యది. ఏదో దివాణం వాళ్ళు సామాను అమ్మేస్తున్నారని తెలిసి, ఎడ్లజత కొందామని వెళ్ళినాయన కారు కొనుక్కొచ్చాడట. నల్లది. ముందు రెండు పెద్ద గుండ్రటి దీపాలు, పక్కన కాలు పెట్టి ఎక్కడానికి పొడుగాటి మెట్టు. దాన్ని నడిపిన రోజులకంటే బాగుచేయించిన రోజులే ఎక్కువ. ఏ సామాను విరిగినా మద్రాసు రాయాలి, అక్కడ లేదంటే మా ఊరి కమ్మరి చేత కొట్టించాలి. వానాకాలంలో స్టార్టు చేద్దామని హ్యాండిల్ దూర్చి తిప్పితే తిప్పినవాడి భుజం పోయేదిగానీ కారు కదిలేది కాదు. అయినా సరే, తాతయ్య ఉన్నన్నాళ్ళూ శుక్రవారం శుక్రవారం దాన్ని కడిగించి, నాయనమ్మని పక్క సీట్లో కూచోబెట్టుకుని రెడ్డిగూడెం మామిడితోటల దాకా వెళ్ళొచ్చేవాడు. పనుండి కాదు, ఊరికే.

తాతయ్య పోయాడు. డెబ్భైల మొదట్లో నాన్నా బాబాయీ వేరుపడ్డారు. పెద్దమనుషులు కూచుని పొలాలు, గొడ్లు, బిందెలు, ఆఖరికి పిండి జల్లెడలు కూడా పంచారు. కారు దగ్గర ఆగిపోయింది.

"పెద్దవాణ్ణి, నాన్న గుర్తుగా నా దగ్గరే ఉండాలి" అన్నాడు మా నాన్న.

"నాన్న కళ్ళు కనపడనప్పుడు కారు తోలింది నేను. నువ్వెప్పుడన్నా స్టీరింగు ముట్టుకున్నావా?" అన్నాడు బాబాయి.

మాటా మాటా పెరిగింది. ఆ సాయంత్రమే నాన్న కారు హ్యాండిల్ పట్టుకొచ్చి బీరువాలో పెట్టి తాళం వేశాడు. బాబాయి ఊరుకుంటాడా, కాగితాలన్నీ పట్టుకుపోయాడు. ఇక దాన్ని నాన్నా నడపలేడు, బాబాయీ నడపలేడు. ఛీ, ఇద్దరికీ మీసాలు నెరుస్తున్నాయి, పెళ్ళీడు పిల్లలున్నారు! ఎదురెదురు ఇళ్ళల్లో కాపురాలు, మాటల్లేవు. ఇక్కణ్ణించి అక్కడికీ అక్కణ్ణించి ఇక్కడికీ కబుర్లు మొయ్యడానికి, డిగ్రీ తప్పి ఇంట్లో కూచున్న నేను దొరికాను.

నెల తిరక్కుండా బాబాయి పాత ఇనుము కొనేవాణ్ణి తీసుకొచ్చాడు. కోసి చెరిసగం పంచుకుంటే పీడా పోతుందన్నాడు. అతను కారు చుట్టూ తిరుగుతూ వేళ్ళతో రేకు మీద కొట్టి చూస్తున్నాడు. నాన్న అరుగు మీంచి లేవలేదు, వద్దనలేదు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అప్పుడు నాయనమ్మ వచ్చింది. డెబ్భై దాటిన మనిషి. తను ఎప్పుడూ కూచునే సీట్లోకెక్కి తలుపు వేసుకుంది.

"కొయ్యండ్రా. నన్ను కూడా కలిపి కొయ్యండి" అంది.

ఇనుమతను దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఆవిడ మాత్రం దిగలేదు. అన్నం తీసుకెళితే వద్దంది. పొద్దువాలేవేళ కొడుకులిద్దర్నీ పిలిపించి అద్దం దించింది.

"దీన్ని పాతరేయిస్తా. మీరిద్దరూ కలిసొచ్చి 'అమ్మా, తీద్దాం' అన్ననాడే తీసేది. ఒక్కడొస్తే తియ్యను. నా కళ్ళముందు మీరిద్దరూ మళ్ళీ మాట్లాడుకోవాలి. నాకింకేం అక్కర్లేదు" అంది.

పాతర అంటే ఇప్పటివాళ్ళకి చెప్పాలేమో. మా మెట్టనేల ఎండితే రాయిలా ఉంటుంది. అందులో గుంట తవ్వి, అడుగునా పక్కలా గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన మళ్ళీ గడ్డి కప్పి మట్టితో మెత్తేస్తే ఏళ్ళు గడిచినా చెమ్మ చేరదు. కరువులో మా వాళ్ళ ప్రాణాలు నిలబెట్టింది ఆ గుంటలే. "మా మామగారు మూడేళ్ళకి తీయిస్తే జొన్నలు గలగలలాడాయి. కారుకేం రోగం?" అంది నాయనమ్మ. కారు దించడానికి సాయమొచ్చిన మెకానిక్ ఒక్కడే "ఇది ఇనుమండీ, జొన్నలు కాదండీ" అని గొణిగాడు. అతని మాట ఎవరు వింటారు!

వినగడప వైపు నాయనమ్మ జీవనానికని వదిలిన చేనుంది. అందులో తవ్వించాం. వాలుగా దారి తీసి, వెనక ఎడ్లని కట్టి నిలవరిస్తూ కారుని లోపలికి దించాం. పెట్రోలు తీసేసి, కింద మొద్దులు పెట్టి, ఇనుము కనపడ్డ చోటల్లా ఆముదం పూశాం. పురుగు పట్టకుండా జొన్నల్లో వేసినట్టే సీట్ల మీద వేపాకు పరిచాం. నాయనమ్మ తాతయ్య కండువానీ, కళ్ళజోడునీ, అన్నదమ్ములు చిన్నప్పుడు కారు మీద కూచుని తీయించుకున్న ఫొటోనీ ముందు సీట్లో పెట్టించింది. తాటిదూలాలు అడ్డంగా పరిచి, గడ్డి వేసి, మట్టి కప్పించాం. నాన్న ఈ గట్టు మీద, బాబాయి ఆ గట్టు మీద నిలబడి చూశారు.

తర్వాత నాయనమ్మ మా ఇంట్లో నెల, బాబాయి ఇంట్లో నెల వంతున ఉంటూ వచ్చింది. వంతు మారినప్పుడల్లా ఆవిడ ట్రంకుపెట్టె మోసుకుని రోడ్డు దాటేది నేనే. "ఏవన్నా అన్నాడా?" అని ఎదురింటి కొడుకు గురించి నాయనమ్మ అడిగేది. "వాణ్ణి ముందు రమ్మను" అనేవాడు నాన్న. "ఆయన్నే రమ్మనరా" అనేవాడు బాబాయి. ఈ జవాబులు ఆవిడకి చెప్పలేక పెట్టె దించి బయటికి జారుకునేవాణ్ణి.

మూడేళ్ళో నాలుగేళ్ళో గడిచాక మా వైపుకి కాలువ వచ్చింది. ఊరూరా ఎదురెళ్ళి కొబ్బరికాయలు కొట్టారు. జొన్న తప్ప ఎరగని చేలల్లో వరి నాట్లు పడ్డాయి. మా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. మెట్టలో పుట్టి పెరిగినవాళ్ళం, నీళ్ళు పైనుంచి పడతాయనే తెలుసు. నేల లోపల్నించి ఊరి వస్తాయని ఒక్కడంటే ఒక్కడికి తట్టలేదు. మా చేనుకి ఎగువనున్న పొలంలో కూడా వరి వేశారు. ఆ మరుసటేడు, చేను చూసే మనిషి ఇంటికొచ్చి "పాతర మీద తుంగ మొలిచిందండీ" అన్నాడు. నీళ్ళు నిలవని చోట తుంగ మొలవదు.

నాయనమ్మ అప్పుడు మా ఇంట్లో ఉంది. మంచం దిగలేని స్థితి. నన్ను దగ్గరికి పిలిచింది.

"వెళ్ళి చూసిరా నాయనా. నీళ్ళు పట్టుంటే ఉన్నదున్నట్టు చెప్పు. ఇద్దర్నీ ఇక్కడికి పిలిపిస్తా. కారు పాడైపోతోందిరా అంటే పంతాలొదిలి వస్తారు. ఎంతైనా వాళ్ళ నాన్నది కదా."

సైకిలేసుకుని వెళ్ళాను. పాతర అంచున గునపం దించి చూశాను. మూరెడు లోతు కూడా వెళ్ళకుండానే మెత్తగా కూరుకుపోయింది. బయటికి లాగితే నల్లటి బురద, కుళ్ళిన గడ్డి కంపు. ఆ కన్నంలోంచి నీళ్ళు బుడబుడమంటూ పైకొచ్చాయి. సైకిలెక్కి తిరిగి బయల్దేరాను. దారిపొడుగునా ఒకటే ఆలోచన: ఈ మాట చెబితే ఆవిడ గుండె ఆగిపోతుంది.

"పొడిగా ఉంది నాయనమ్మా. గునపమే దిగలేదు" అన్నాను.

సంతోషిస్తుందనుకున్నాను. "పోన్లే. అయితే వాళ్ళని పిలవడానికి సాకు లేదు" అని గోడవైపు తిరిగి పడుకుంది. నాకప్పుడు ఆ మాట చెవికెక్కలేదు. ముసలావిడ ప్రాణం నిలబెట్టానని లోపల్లోపల మురిసిపోయాను కూడా, దద్దమ్మని.

ఆ నెలాఖరులోనే నాయనమ్మ పోయింది. పాడె ముందు ఒకడు, వెనక ఒకడు పట్టారు. మాట్లాడుకోలేదు.

పెద్దకర్మ అయ్యాక పెద్దమనుషులు నచ్చజెబితే పాతర తీయించడానికి ఇద్దరూ వచ్చారు. దూలాలు లాగేసరికి కారు కప్పు ఒక్కటే కనపడింది, మిగతాదంతా నీళ్ళే. మోకు కట్టి ఎడ్లతో లాగిస్తే రేకు ముక్క ఊడి చేతికొచ్చింది. బాబాయి మోకు విప్పేసి నాన్నవైపు తిరిగాడు.

"ఇంకేముందన్నయ్యా. పూడ్చేద్దాం."

"సరేరా" అన్నాడు నాన్న.

పలుగూ పారా పట్టుకుని అన్నదమ్ములిద్దరూ పక్కపక్కన నిలబడి మట్టి లాగారు. మధ్యలో బాబాయి ఆగి, "అమ్మకి తెలుసా ఇట్లా అయిందని?" అని అడిగాడు.

"లేదురా. పొడిగానే ఉందని వీడు చెప్పాడు" అన్నాడు నాన్న.

ఇద్దరూ నావైపు తిరిగారు. "అప్పుడు పొడిగానే ఉంది" అన్నాను. నమ్మారు.

"అదృష్టవంతురాలు. ఇది చూడకుండా పోయింది" అన్నాడు నాన్న.

ఆ తర్వాత వాళ్ళు కలిసిపోయారు. పండగొస్తే ఒకే చోట విస్తళ్ళు వేసేవాళ్ళు. బాబాయి "అన్నయ్యా, ఇంకాస్త పెట్టుకో" అనేవాడు, నాన్న నవ్వేవాడు, నాకు ముద్ద దిగేది కాదు. నేను నిజం చెప్పి ఉంటే ఆ పిలుపు ఆవిడ మంచం పక్కన వినపడేది. ఇద్దరూ పోయేదాకా వాళ్ళకి ఆ సంగతి చెప్పలేదు.