పచ్చికబయలు మీద నీడ

చెట్లు పీకడమే ఆవిడ ఉద్యోగం. అడవి అంచున ఉన్న పచ్చికబయల్లో వంగి, కొత్తగా మొలిచిన తుమ్మ మొక్కను మొదలంటా లాగి, వేరు ముక్క లోపల మిగల్లేదని చూసుకున్నాకే నడుం ఎత్తుతుంది. దారిన పోయేవాళ్లు "లోకమంతా నాటుతుంటే నువ్వు పీకుతావేంటమ్మా?" అంటే, "చెట్లకైతే ఆ పక్కన అడవంతా ఉంది. ఇక్కడ నీడ పడితే గడ్డి చస్తుంది, గడ్డి పోతే కుందేలూ పోతుంది, పిట్టా పోతుంది," అని మళ్లీ వంగుతుంది. చేతికి అంతగా అలవాటైపోయిందేమో, మొన్న పెరట్లో ఫోను మాట్లాడుతూ మాట్లాడుతూ, భర్త ప్రాణంలా పెంచుకుంటున్న నిమ్మ మొక్కను పీకేసింది. నాలుక కరుచుకుని వెంటనే నాటి నీళ్లు పోసింది కానీ, అది మళ్లీ తలెత్తేదాకా ఆయన ఆవిడతో మాట్లాడలేదు. తలెత్తిన రోజు మాత్రం అన్నం డబ్బా పట్టుకుని, గొడుగు వేసుకుని ఆవిడ పనిచేసే పచ్చికబయలుకి వచ్చాడు. "కూర్చోడానికి ఇంత నీడైనా లేదు కదే," అని సణుగుతుంటే కాళ్ల దగ్గర గడ్డిలోంచి చిన్న పిట్ట తుర్రున లేచింది. వంగి చూస్తే గూడు, అందులో గుడ్లు. చుట్టూ ఉన్న గడ్డి మీద తన గొడుగు నీడ గుండ్రంగా పడి ఉంది. భార్య చేతులకేసి ఓసారి చూశాడు. "నువ్వు పీకేలోపు నేనే తీసేస్తాలే," అంటూ గొడుగు మడిచేశాడు.