చిల్లు చిప్పతో పొద్దు కొలిచినాను

మా మనవరాలు చెన్నైలో కంప్యూటర్ ఆఫీసులో పనిచేస్తుంది. మొన్న మా ఇంటికొచ్చి రెండు రోజులూ ఫోనులోనే వాదులాట. వాళ్ళు రాసిన ప్రోగ్రామ్ నత్తలాగా నడుస్తోందంట. కంప్యూటర్ మెదడు ఏ పనికాడ ఎంతసేపు పోగొడుతోందో చూపించేదాన్ని సీపీయూ ప్రొఫైలర్ అంటారంట. అట్లాంటివి నాలుగున్నాయి, ఏది తీసుకోవాల్నో తేలలేదు.

"ఇంతమాత్రానికి రెండు రోజులా? నేను ఒక్క వారంలో మూడు మార్చినా" అన్నాను.

"నువ్వా అవ్వా!" అని నవ్వింది. నవ్వితే నవ్వనీ.

అరవైల్లో మాట. నేను చదివింది మూడో తరగతి. నెల్లూరుకు తూర్పున, సముద్రం చేరువలో ఒక మిషను బడి, దానికో ఆడపిల్లల హాస్టలు. వంటింటికి నేనే పెద్ద. స్టోరు తాళంచెవి నా బొడ్లో ఉండేది. వంటకు ముగ్గురు ఆడవాళ్ళు. ఎంత తెల్లవారుజామున లేచినా బడి గంటకు అన్నం అయ్యేది కాదు. పిల్లలు ముద్ద నోట్లో పెట్టుకునే ప్రార్థనకు పరిగెత్తేవాళ్ళు. ఒకనాడు ప్రార్థన మధ్యలో ఒక పిల్లకు ఎక్కిళ్ళు పట్టుకుని ఆమెన్ దాకా ఆగలేదు.

పెద్ద టీచరమ్మగారు నన్ను పిలిపించి, "సోమవారానికి అన్నం గంటకు ముందు రాకపోతే తాళంచెవి ఇంకొకరికి ఇస్తాను" అన్నారు.

ఉద్యోగం పోతుందన్న భయం ఒకెత్తు. ఇంకొకరి చేతిలో నా నూనె, నా ఉప్పు ఏమైపోతాయోనన్న భయం ఇంకొకెత్తు.

దోషి ఎవరో నాకు ముందే తెలుసు. రోటికాడ ముసలి వంటక్క. ఒక నూరుడుకు నాలుగు మాటలు. అయినా రుజువు కావాల గదా.

మొదట ఆఫీసు గడియారం అడిగి తెచ్చుకున్నా. పలక పట్టుకుని ఒక్కొక్కరి దగ్గర నిలబడి, "ఎప్పుడు మొదలుపెట్టినావు? ఎప్పుడు ముగించినావు?" అని రాసినా. జవాబు చెప్పేదానికి వాళ్ళు గరిటె ఆపేవాళ్ళు. పెద్ద ముల్లు ఎక్కడుందో నేను తేల్చుకునేలోపల అన్నం అడుగంటింది. ఆరోజు మామూలుకంటే ఇంకా ఆలస్యం.

మర్నాడు పాటను పట్టుకున్నా. మావాళ్ళు కీర్తనలు పాడుకుంటా పనిచేసేవాళ్ళు. ఒక్కో చరణం ముగిసినప్పుడు ఎవరు ఏ పనిలో ఉన్నారో చూస్తే చాలనుకున్నా. కానీ రోలు బరువెక్కితే పాటా బరువెక్కుతుంది. ఒక్క చరణం సాగదీసేసరికి పచ్చడంతా నలిగిపోయింది. చేతిలో పని లేనప్పుడు అసలు పాటే లేదు. ఆ లెక్క ప్రకారం అన్నం కోడి కూయకముందే అయిపోయి ఉండాల.

అప్పుడు మా నాయన గుర్తొచ్చినాడు. కాలవ నీళ్ళ వంతులకు చిల్లు గిన్నె వాడేవాడు, నీళ్ళెక్కి గిన్నె మునిగితే ఒకరి వంతు అయిపోయినట్టు. నేను కొబ్బరి చిప్పకు చిల్లు పెట్టి, స్టోరు గుమ్మం పక్కన తొట్టి నీళ్ళలో వదిలినా. పైసా ఖర్చు లేదు. చిప్ప మునిగినప్పుడల్లా తల తిప్పి చూసి, మళ్ళా దాన్ని తేల్చేదాన్ని. పొయ్యి, రోలు, బావి, వీటికి తలా ఒక మూకుడు. ఎవరు ఏ పనిలో ఉంటే ఆ మూకుట్లో ఒక చింతగింజ. ఊరికే నిలబడినవాళ్ళకు పగిలిన మూకుడొకటి. ఎవరినీ అడగలేదు, ఆపలేదు.

రెండు పొద్దులకు పగిలిన మూకుడు నిండి గింజలు కిందికి పొర్లినాయి. రోటి మూకుట్లో పట్టుమని పది లేవు.

"ఏందక్కా ఇది? ముగ్గురూ నిలబడేదానికా జీతం?" అని ఎగిరినా.

ముసలి వంటక్క రోకలి దించింది. "నిలబడి ఎటు చూస్తా ఉన్నామో అది కూడా చెప్పమ్మా."

వాళ్ళు చూస్తా ఉండింది స్టోరు తలుపు వైపు.

"బియ్యానికి తాళం తీస్తావు, వేస్తావు. పప్పుకు తీస్తావు, వేస్తావు. ఉప్పుకు మళ్ళా. శేరు కొలిచి, అరచేత్తో చదును చేసి, నాలుగు గింజలు వెనక్కేస్తావు. మిరపకాయలైతే రెండుసార్లు లెక్కబెడతావు. నువ్వు లోపల ఉంటే మేము బయట ఏం నూరేది, నీ తలకాయా?"

మిగతా ఇద్దరూ కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. నాకు మండిపోయింది. కానీ గింజలు వేసింది నేనే, కాదనేదెట్లా?

ఆదివారం సాయంత్రమే మర్నాటి సరుకంతా ఒకేసారి కొలిచి, కుండల్లో పోసి, గుడ్డలు కట్టి వంటింట్లో పెట్టినా. ముడి మాత్రం నాది. దాన్ని ఇంకెవరు విప్పి కట్టినా నాకు తెలిసిపోతుంది.

సోమవారం పిల్లలు తిని, చేతులు కడుక్కున్నాక గంట కొట్టినారు. పెద్ద టీచరమ్మగారు గుమ్మంలో నిలబడి, "ఎవరిది తప్పు?" అని అడిగినారు. ముసలి వంటక్క నా మొహం చూసింది.

"తాళానిదండీ" అన్నాను.

టీచరమ్మగారు నా బొడ్లో తాళంచెవి వంక చూసి, "ఉంచుకో" అని వెళ్ళిపోయినారు.

చిప్ప చిల్లును మైనంతో మూసి ఉప్పుకు పెట్టుకున్నా. చింతగింజలు పిల్లలకు వామనగుంటలు ఆడుకునేదానికి ఇచ్చినా. లెక్కబెట్టే ఇచ్చినా.