సంచి వేలాడేంత ఎత్తు

హిల్మా తన మొగుణ్ణి సరస్సు ఒడ్డున చావనివ్వడానికే తీసుకుపోయిందని రెడ్ క్రీక్ ఊళ్ళో చెప్పుకున్నారు.

కోఆపరేటివ్ కొట్టు వెనక గదిలో కాఫీ బల్ల దగ్గర ఈ మాట మొదట ఎత్తింది ఈలీన్. ఆమె భర్త పెట్రోలు బంకులో పని చేస్తాడు. ఆయన కళ్ళారా చూశాడట.

"టెంటు బండి కప్పు ఓ పక్కకి ఒరిగిపోయి ఉందటమ్మా. తాళ్ళేసి కట్టిందట. లోపల చూస్తే ప్లాస్టిక్ తెరలు. వైనోకి ఏమో నడుం దాకా బురద. నోరు తెరుచుకుని సీట్లో పడున్నాడట. ఉన్నాడో పోయాడో కూడా తెలీలేదట."

"ప్లాస్టిక్ ఎందుకే?"

"ఎందుకేమిటి? తరవాత కడుక్కోడానికి సులువని."

"ఛీ, అవేం మాటలు! హిల్మా అలాంటిది కాదు."

"కాదులే. కానీ రోజుకి నాలుగుసార్లు ఆ గొట్టాలు, ఆ సంచులు. ఎంత మంచిదానికైనా విసుగు రాదా?"

"మా ఆయనకి ఏ జబ్బూ లేదు, అయినా నాకు విసుగే" అంది ఇంకొకామె.

అందరూ నవ్వారు. నవ్వు ఆగాక ఈలీన్ మాటను ఎవరూ కాదనలేదు.

జరిగిన సంగతి ఇది.

వైనోకి మూత్రపిండాలు చెడిపోయాక పొట్ట ద్వారా చేసే డయాలసిస్ పెట్టారు. పొట్ట మీద ఒక సన్నటి గొట్టం ఉంటుంది. ముందు లోపలి పాత నీళ్ళను నేల మీద పెట్టిన ఖాళీ సంచిలోకి వదలాలి. తరవాత పైన వేలాడదీసిన కొత్త సంచిలోంచి మందు నీళ్ళు పొట్టలోకి దిగాలి. యంత్రమూ లేదు, మోటారూ లేదు. సంచి ఎత్తులో ఉంటే చాలు, నీళ్ళు వాటంతటవే దిగుతాయి. గాలి ఆడకూడదు, దుమ్ము ఉండకూడదు, చేతులు మోచేతుల దాకా కడుక్కోవాలి. క్రిమి లోపలికి పోయిందంటే అంతే సంగతులు.

ఈ పనంతా హిల్మా నేర్చుకుంది. వైనో మాత్రం నేర్చుకోలేదు. ప్రతి శనివారం సరస్సు ఒడ్డున ఉన్న ఆవిరి గదిలో కాగిన రాళ్ళ మీద నీళ్ళు చల్లుకుని, ఒళ్ళు ఎర్రబడ్డాక పరిగెత్తుకుంటూ పోయి సుపీరియర్ సరస్సులో దూకే మనిషి ఆయన. ఒడ్డున మంచు పేరుకున్నా ఆగేవాడు కాదు. పొట్టకి గొట్టం పెట్టాక ఆవిరి గది వద్దన్నారు, సరస్సు అసలే వద్దన్నారు. అప్పటినుంచి వంటింటి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంటున్నాడు. అడిగితే సమాధానం చెబుతాడు. అడక్కపోతే అదీ లేదు.

జూలై మధ్యలో ఒకనాటి పొద్దున కాఫీ తాగుతూ, వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా అన్నాడు.

"ఈసారి సంచుల పెట్టెలు అయిపోయాక మళ్ళీ తెప్పించకు."

హిల్మా అప్పుడు రొట్టె కోస్తోంది. కాసేపటికి చూసుకుంటే రొట్టె మొత్తం ముక్కలు చేసేసింది.

డయాలసిస్ నర్సు జోయాన్‌కి ఫోను చేసింది. చిన్న వయసు, మంచి పిల్ల.

"అది ఆయన ఇష్టం హిల్మా గారూ. మనం బలవంతం చెయ్యలేం."

"ఆపేస్తే ఏమవుతుంది?"

"నిద్ర ఎక్కువైపోతుంది. ఆ నిద్రలోనే..." అని జోయాన్ ఆపేసింది.

సంచుల పెట్టెలు పడకగదిలో గోడ వారన పేర్చి ఉండేవి. సరుకు వచ్చిన కొత్తల్లో అవి హిల్మా భుజం ఎత్తున ఉంటాయి. ఆ పొద్దున నడుం ఎత్తున ఉన్నాయి. పక్క దులుపుతున్నప్పుడల్లా ఆమె కళ్ళు అటే పోయేవి. ఆమె బతిమాలింది, అలిగింది, పాస్టరు గారిని పిలిపించింది. పాస్టరు గారు వైనోతో చేపల గురించి మాట్లాడి వెళ్ళిపోయారు. ఇక చేయడానికి ఏమీ మిగల్లేదు. అప్పుడే ఆమెకు కొట్టంలో ఉన్న టెంటు బండి గుర్తొచ్చింది. ట్రక్కు వెనక తగిలించుకుపోయే బండి అది, రేకు కప్పు పైకి లేపితే గుడ్డ గోడల గది అవుతుంది.

"ఒక్కసారి సరస్సు దగ్గర మన పాత చోటికి రా. ఒక్క రోజు. తిరిగొచ్చాక కూడా వద్దంటే నేను ఫోను ముట్టుకోను."

"నీళ్ళలో దిగలేనివాణ్ణి నీళ్ళ పక్కకి తీసుకెళ్ళి ఏం చేస్తావే? ఎండబెడతావా?"

"ఎండబెడతా. ఎండు చేపయినా దేనికో దానికి పనికొస్తుంది."

వైనో ముక్కుతో నవ్వాడు. "సరే పద. ఒక్కసారే."

ఆ నెల సంచుల కోసం ఫోను చేయనిచ్చాడు. అదే ఆఖరుసారి అన్నాడు.

సరస్సు దగ్గర ఏం జరగాలని కోరుకుంటోందో హిల్మాకే తెలియదు. చేతులకు పని దొరికింది, అంతే. బండి తెరిచి చూస్తే గుడ్డంతా నల్లమచ్చలు. ఆఖరుసారి వానలో మడిచి, ఇంటికొచ్చాక ఆరబెట్టడం మరిచిపోయారు. టెంటు బండి ఉన్న ఏ ఇంట్లోనూ ఎవరూ చేయకూడని తప్పు అది. ఆ బూజు కంపులో పొట్ట గొట్టం మూత తీయడమంటే మాటలా! బ్రష్షు పట్టుకుని ఆమె రోజూ ఆ గుడ్డ తోమింది. గోళ్ళు చివికిపోయాయి. మచ్చలు కొన్ని పోయాయి, కొన్ని పోలేదు.

పొయ్యి, చిన్న సింకు ఊడదీసి అవతల పెట్టింది. అడుగున తుడవడానికి వీలుగా కొత్త పట్టా పరిచింది. స్నానాల గది తెరలు కొనుక్కొచ్చి, కుట్టి, ఒక పక్క మంచం చుట్టూ గదిలా దింపింది. బయట ఎంత గాలి వీచినా ఆ తెరల లోపల కొవ్వొత్తి ఆరకూడదు. వెలిగించి చూసింది. ఆరింది. ఇంకో వరస తెర కుట్టింది.

సంచి కోసం కప్పుకి కొక్కెం బిగించింది. నిండు సంచి తగిలించగానే కొక్కెం ఊడి, సంచి పగిలి, మందు నీళ్ళు నేలపాలయ్యాయి. పైది ఉత్త రేకు, దాని కింద సన్నటి బద్దలు. అందుకని కప్పు లోపల అడ్డంగా ఒక మందపాటి చెక్క వేసి బోల్టులతో బిగించింది. ఇప్పుడు కొక్కెం కదల్లేదు కానీ కప్పు బరువెక్కింది. దాన్ని లేపాలంటే వెనక ఉన్న మరను చేత్తో తిప్పాలి, అప్పుడు నాలుగు మూలల ఉక్కు తాళ్ళు బిగిసి కప్పును పైకి లాగుతాయి. ఆమె కుడి భుజం పట్టేసి చాలా కాలమైంది. వైనో బరువు ఎత్తకూడదు. చివరికి మర కొసకి సరిపోయే ఇనప తొడుగు ఒకటి సంపాదించి, డ్రిల్లు మెషీనుకి తగిలించి తిప్పి చూసింది. కప్పు సర్రున లేచింది. ఆ వేసవిలో హిల్మా మనసారా నవ్వింది ఆ ఒక్కసారే. కిటికీ వైపు చూసింది. కుర్చీలో వైనో తల వంచుకుని ఉన్నాడు.

ఆగస్టు చివర బయలుదేరారు. అప్పటికి గోడ వారన పెట్టెలు మోకాలి కిందికి దిగాయి.

మధ్యాహ్నం సంచి వేళకి సరస్సు ఒడ్డుకు చేరారు. క్యాంపు స్థలంలో మనుషులు ఎవరూ లేరు. నీళ్ళ మీదినుంచి గాలి కొడుతోంది. మబ్బు పట్టింది. మందు నీళ్ళు వెచ్చబడాలని ట్రక్కు ముందద్దం కింద పెట్టిన సంచికి, ఆ వేడి పోకుండా తువాలు చుట్టి ఉంచింది. వైనో ట్రక్కులోంచి దిగలేదు. అద్దం కూడా దించలేదు.

హిల్మా బండి చక్రాల కింద చెక్కలు పెట్టి, డ్రిల్లు మరకి తగిలించి నొక్కింది. కప్పు లేస్తోంది. మధ్యలో ఆమె ఒక్కసారి ట్రక్కు వైపు చూసింది. వైనో సరస్సు వైపు చూస్తున్నాడేమోనని. చూడటం లేదు. కళ్ళు మూసుకున్నాడు. ఆమె వేలు మీట మీదే ఉండిపోయింది.

తుపాకీ పేలినట్టు చప్పుడైంది. వెనక మూల కప్పు ధడాలున కిందికి పడింది. ప్లాస్టిక్ తెర నిలువునా చిరిగింది.

ట్రక్కు అద్దం దిగింది.

"ఏమైంది?"

"తాడు తెగింది."

"మొత్తం లేచాక కూడా తిప్పావన్నమాట."

"తెలీలేదు."

"చేత్తో తిప్పితే బిగువు చేతికి తెలుస్తుంది. ఆ మెషీనుకి ఏం తెలుస్తుంది?"

"ముందే చెప్పొచ్చుగా!"

"అడిగావా?"

వాన చినుకులు మొదలయ్యాయి. వైనో ఆకాశం చూసి, నెమ్మదిగా అన్నాడు. "మడిచేసి ట్రక్కుకి తగిలించు. సంచి ఇంటికెళ్ళి పెట్టుకుందాం. కొంచెం ఆలస్యమైతే ఏం కాదు."

ఆ గొంతులో కోపం లేదు. కనీసం విసుగైనా లేదు. హిల్మాకు భయం వేసింది అందుకే. ఆలస్యమైతే ఏం కాదన్నది నిజమే. ఇల్లు గంట దారి. కానీ ఇప్పుడు బండి తిప్పుకుని పోతే ఇక మాట్లాడటానికి ఏమీ ఉండదు. ఆయన కుర్చీలో కూర్చుంటాడు, ఆమె పక్క దులుపుతుంది, గోడ వారన చివరి పెట్టె ఖాళీ అవుతుంది.

పడిపోయిన మూల కిందికి దూరి ఎడమ భుజంతో ఎత్తింది. లేచింది, జారింది. వీపు ఆనించి ఎత్తింది. వంటచెరకు ఒకదాని మీద ఒకటి పేర్చి ఆపబోయింది. దొర్లిపోయాయి. మళ్ళీ ఎత్తింది. ఈసారి కాళ్ళు జారి బురదలో కూలబడింది.

"చావు అయితే!" అని అరిచింది. "అంత ఇష్టమైతే చచ్చిపో. నేనింక ఎత్తలేను వైనో. నావల్ల కాదు."

అన్న మాట తన చెవిన పడ్డాక రెండు చేతులతో నోరు మూసుకుంది.

ట్రక్కు తలుపు తెరుచుకుంది. వైనో దిగాడు. పడిన మూల దాకా వచ్చి, వంగి, కిందనుంచి కప్పును చూశాడు. పెళ్ళాన్ని చూడలేదు.

"అలా ఎత్తితే నడుం పోద్ది. సీటు వెనక జాకీ ఉంది, తీసుకురా. గొడ్డలి కూడా."

వయసులో ఉన్నప్పుడు రాగి గనిలో వైనో పని, గని కప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టడం. ఆ గని మూతపడి ఎన్నో ఏళ్ళయింది. గాలికి పడిన స్ప్రూస్ చెట్టొకటి చూపించి, తన చంక ఎత్తున గీత పెట్టాడు. హిల్మా ఎడమ చేత్తోనే నరకసాగింది, జాకీ మీదికి పొట్టి దుంగ ఒకటి, గీత దాకా పొడుగుది ఒకటి.

"గీతకి కొంచెం లోపలే నరుకు. పైన చెక్క చీలిక కొట్టి బిగిద్దాం."

పొట్టి దుంగను జాకీ మీద నిలబెట్టి, దాని కొన కప్పు మూలకు ఆనించారు. జాకీ తిప్పడానికి వైనో బురదలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"నువ్వు బలం పెట్టకూడదు. జోయాన్ చెప్పింది."

"జోయాన్ని రమ్మను, ఆవిడే తిప్పుతుంది."

"వైనో!"

"దుంగ నిటారుగా పట్టుకో. మాట్లాడకు. కర్ర చప్పుడు వినాలి."

ఆయన తిప్పుతూ, ఆగుతూ, చెవి దుంగకు ఆనిస్తూ మళ్ళీ తిప్పాడు. మూల అంగుళం అంగుళంగా లేచింది. పొడుగు దుంగను పక్కన దూర్చి, చెక్క చీలిక పెట్టి గొడ్డలి వెనకవైపుతో రెండు దెబ్బలు వేశాడు.

"ఇక వదిలెయ్."

"పడితే?"

"పడితే ఇందాకటి నీ కోరిక తీరుతుంది."

హిల్మాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. చేతులు వదిలింది. కప్పు నిలిచింది.

చిరిగిన తెరకు టేపు అతికించింది. క్యానులో నీళ్ళతో ఇద్దరూ చేతులు కడుక్కున్నారు. గోళ్ళ సందుల బురద పోలేదని ఆమె మళ్ళీ కడిగించింది. ముక్కులకు గుడ్డలు కట్టుకున్నారు. సంచి కొక్కేనికి వేలాడింది. పాత నీళ్ళు కిందికి దిగాయి, కలక లేకుండా లేత పసుపు రంగులో, అంటే క్రిమి చేరలేదు. తరవాత కొత్త నీళ్ళు మొదలయ్యాయి. రేకు మీద వాన మోగుతోంది. ఆమె కుట్టిన చోటునుంచి ఒక్కొక్క బొట్టే లోపలికి కారుతోంది.

"ఈ కొక్కెం ఇక్కడ పెట్టమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నేనే పెట్టా."

"సంచి నా ముక్కుకి తగుల్తోంది. జానెడు అటు ఉండాలి." కొక్కెం వైపు వేలు చూపించి, "వినపడిందా?" అన్నాడు.

"వినపడింది."

ఆమె ఒళ్ళో చేతులు పెట్టుకుని సంచినే చూస్తూ కూర్చుంది. ఆయన ముఖం చూడటానికి ధైర్యం చాలలేదు. అందులో ఏమీ కనిపించకపోతే?

పొద్దున వైనో ఒడ్డున నిలబడి కాఫీ తాగాడు. సరస్సు గురించి ఒక్క మాటా అనలేదు. చలేస్తోంది, పోదాం అన్నాడు. కప్పు దించి తాళ్ళతో కట్టారు. దారంతా ఆయన నోరు తెరుచుకుని నిద్రపోయాడు. నిద్ర ఎక్కువైపోతుందన్న జోయాన్ మాట హిల్మా తలలో తిరుగుతూనే ఉంది. రెండుసార్లు చెయ్యి చాపి ఆయన ఛాతీ తాకి చూసింది. బంకులో ఈలీన్ మొగుడు పలకరిస్తే జవాబు చెప్పలేదు. నోరు విప్పితే ఏడుస్తానని తెలుసు.

ఇంటికొచ్చాక ఆమె మాట నిలబెట్టుకుంది. ఫోను ఉన్న గదిలోకే పోలేదు. ఆదివారమంతా ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. సరుకు చెప్పడానికి సోమవారమే గడువు.

ఊళ్ళో చెప్పుకున్న దాంట్లో ఇది లేదు: ఆ సోమవారం పొద్దున, హిల్మా కొట్టంలో తడి గుడ్డ ఆరేస్తున్నప్పుడు, వచ్చే నెల సంచుల కోసం ఫోను చేసింది వైనో.