కండువా చాటు చెయ్యి, స్క్రీన్ ప్రింటింగు బల్ల

సహోదరులారా, సహోదరీలారా, నా చేతికి మైకు దొరికితే ఒక పట్టాన వదలనని తెలిసి కూడా పాస్టరుగారు నన్ను లేపారు గనుక ముందు ప్రభువుకు, ఆ తరువాత పాస్టరుగారి ఓపికకు వందనాలు! అమలాపురంలో మా ప్రెస్సు మీకందరికీ తెలిసిందే, మీ ఇళ్ళ శుభలేఖలూ మన సంఘం కూటాల కరపత్రాలూ మేము వేసినవే, కానీ ఆ ప్రెస్సులో నేను కొన్నాళ్ళు ఎంత చీకట్లో బతికానో మీలో కొద్దిమందికే తెలుసు, అది చెప్పకుండా కూర్చుంటే నాకు ఈ రాత్రి అన్నం సహించదు.

తొంభైల్లో మాకున్నది ఒక్క ట్రెడిల్ మిషను. కాలితో తొక్కుతుంటే రెండు ఇనప పలకలు నోరులా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి, తెరుచుకున్న ఆ కాస్త వ్యవధిలోనే కుడిచేత్తో కార్డు పెట్టాలి, ఎడమచేత్తో తియ్యాలి. మా వారు ఆ పనిలో పుట్టి పెరిగినట్టే ఉండేవారు. అచ్చు వెంట్రుకవాసి వంకరపోయినా ఆ కార్డు చించి పారేసే మనిషి, ఆ చాదస్తానికి నేను ఎన్నిసార్లు సణిగానో! ఒకరోజు కార్డు వంకరగా పడింది. సరిచేద్దామని చెయ్యి లోపలికి పెట్టారు, కాలు ఆగలేదు, ఇనుము మూసుకుంది. కుడిచేతి మూడు వేళ్ళు సగానికి పోయాయి.

ఆసుపత్రిలో గాయం మానింది గానీ భయం మానలేదు. పనివాడు ట్రెడిల్ తొక్కడం మొదలుపెట్టగానే మా వారు లేచి కాలవగట్టుకు వెళ్ళిపోయేవారు, ఆ చప్పుడు ఆగితే గానీ వచ్చేవారు కాదు. ఎండాకాలంలో కూడా భుజాన కండువా, ఆ కండువా చాటున చెయ్యి! ఇక్కడ మీరంతా చేతులెత్తి స్తుతిస్తుంటే ఆయన చెయ్యి మాత్రం బయటికి వచ్చేది కాదు. అన్నిటికన్నా నాకు కడుపు తరుక్కుపోయిన సంగతి ఒకటుంది. ఎవరైనా పెళ్ళికి పిలవడానికి వస్తే శుభలేఖ కుడిచేత్తో అందుకోవాలి కదా, ఎడమచెయ్యి చాపితే పిలవవచ్చినవారిని అవమానించినట్టే కదా, అందుకని గుమ్మంలో మనిషి అలికిడి కాగానే ఆయన పెరట్లోకి తప్పుకునేవారు. ఊరందరికీ శుభలేఖలు వేసిన మనిషి, ఒక్క శుభలేఖ అందుకోలేక దాక్కున్నారు సహోదరీలారా!

గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, అప్పుడే జనానికి స్క్రీన్ ప్రింటింగు మోజు పట్టింది. బంగారు రంగు అక్షరాలు ఉబ్బెత్తుగా వేలికి తగలాలి, మా సీసపు అక్షరాల కార్డు ఎవరికీ నచ్చడం లేదు. "ఏమీ అనుకోకండమ్మా, ఈసారికి రాజమండ్రిలో వేయించుకుంటామండి" అని మర్యాదగానే చెప్పి వెళ్ళిపోయేవారు. మనకు తెలుసుగా, మనవాళ్ళు కత్తి దించినా అండీ అనే దించుతారు. స్క్రీన్ ప్రింటింగు పెట్టకపోతే ప్రెస్సు మూతే. కానీ నిజం చెప్పాలంటే ప్రెస్సు పోతుందని కాదు నా దిగులు, ఇలాగే కాలవగట్టున కూర్చుని కూర్చుని మనిషే నాకు దక్కకుండా పోతాడేమోనని.

శుక్రవారం ఉపవాస ప్రార్థనలో మోకాళ్ళమీద పడి ఏడ్చాను. "ప్రభువా, స్క్రీన్ ప్రింటింగుకు మిషను నువ్వే ఎంచి చూపించు. ఈయన చెయ్యి పెట్టక్కరలేని మిషను చూపించు తండ్రీ, కుర్చీలో కూర్చుంటే చాలు, అదే అచ్చు వెయ్యాలి" అన్నాను. దేవుడికి మిషను ఎలా ఉండాలో కూడా నేనే చెప్పాను, నా సంగతి మీకు తెలుసుగా!

ఆయన్ని బతిమాలి, బామాలి బస్సెక్కించి రాజమండ్రి తీసుకువెళ్ళాను. మిషన్లు అమ్మే షాపాయన మంచి మనిషి, మమ్మల్ని కూర్చోబెట్టి టీ తెప్పించి కరెంటు మిషను చూపించాడు. "కాలితో ఇలా నొక్కితే చాలండి. అదే దిగుద్ది, అదే రంగు లాగుద్ది, అదే లేస్తుంది. చెయ్యి పెట్టే పనే లేదండి" అన్నాడు. నేను ప్రార్థనలో అడిగిన మాటలే ఆయన నోట వచ్చేసరికి లోపల స్తోత్రం చెప్పుకున్నాను. ఇంతలో మిషను టక్కున దిగింది. మా వారి ముఖం చూద్దును కదా, పాలిపోయింది, నుదుటిన చెమట! బయటికి వెళ్ళి వీధిలో సోడాబండి పక్కన నిలబడ్డారు. నాకు దేవుడిమీదే ఉక్రోషం వచ్చింది. అడిగిందే చూపించావు, చూపించి ఈయన్ని ఇలా చేశావేమిటని లోలోపల దెబ్బలాడాను.

ఏం చెయ్యాలో తోచక చుట్టూ చూస్తే మూలన ఒక చెక్కబల్ల కనబడింది. బల్లకు ఒక అంచున బందులు, ఆ బందులకు స్క్రీన్ బిగించి ట్రంకుపెట్టె మూతలా చేత్తో ఎత్తాలి, దించాలి. స్క్రీన్ అంటే చెక్క చట్రానికి బిగించిన సన్నని గుడ్డ, ఆ గుడ్డమీద రంగు పోసి, చెక్కపిడి ఉన్న రబ్బరుపట్టీతో మనవైపుకు లాగితే కింద కార్డుమీద అచ్చు పడుతుంది. ఆ రబ్బరుపట్టీని స్క్వీజీ అంటారు. షాపాయన దాన్ని అంతగా లెక్కచెయ్యలేదు, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు కొంటారండీ అన్నాడు. కరెంటు అక్కరలేదన్న మాట మాత్రం నా చెవిని పడింది, మన ఊళ్ళో కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో మీకు చెప్పాలా? ఒకసారి లాగి చూస్తానన్నాను.

లాగాను. అక్షరాలు ఒకపక్క ముద్దగా పడ్డాయి, ఇంకోపక్క పడనేలేదు. మళ్ళీ లాగితే అది మరీ అన్యాయం! షాపాయన మర్యాదకు బాగానే ఉందండి అంటున్నాడు. అప్పుడు నా వెనకనుంచి ఒక గొంతు వినబడింది.

"అలా కాదే కరుణా, వంకరగా లాగుతున్నావు. ఇలా ఇవ్వు."

ఎప్పుడు లోపలికి వచ్చారో, ఎంతసేపటినుంచి చూస్తున్నారో నాకు తెలియదు. కండువా తీసి నా చేతిలో పెట్టారు. ఎడమచెయ్యి పిడికి ఒక చివర, ఆ కుడి అరచెయ్యి రెండో చివర ఆనించి, ఒళ్ళంతా వెనక్కి వంచి ఒక్క తీరుగా లాగారు. స్క్రీన్ ఎత్తి చూస్తే ప్రతి అక్షరం పొల్లుపోకుండా పడింది! వేళ్ళతో పనే లేదు, అరచేతి బలం చాలు. తన చెయ్యి అందరిముందూ ఉందని అప్పుడు గమనించుకున్నారు. మళ్ళీ దాచుకుంటారేమో అనుకున్నాను, ఆయన మాత్రం షాపాయనతో ఇంకో కార్డు పెట్టమన్నారు. హల్లెలూయ! ఆ షాపులో నేను ఏడ్చిన ఏడుపుకు పాపం ఆ షాపాయన మళ్ళీ టీ తెప్పించాడు.

బల్లను బస్సుమీద వేయించుకుని వస్తూ ఎందుకు భయం వెయ్యలేదండీ అని అడిగాను. "ఆ మిషను నాకోసం ఆగదే. ఇది నేను దించితేనే దిగుద్ది" అన్నారు. చెయ్యి పెట్టక్కరలేని మిషను నేను అడిగాను, ప్రభువుకేమో ఆ చెయ్యే కావాలి. ఊచచెయ్యి, అంటే ఎండిపోయిన చెయ్యి గలవాణ్ణి ప్రభువు సమాజమందిరంలో అందరిముందూ నిలబెట్టి చెయ్యి చాపమన్నాడని ఎన్ని ఆదివారాలు విన్నానో, మా ఇంట్లో అది జరుగుతుందని మాత్రం అనుకోలేదు.

అయితే అడ్డంకి ఇంకొకటి వచ్చింది. అచ్చయిన కార్డులు ఆరబెట్టుకోవడానికి అరల స్టాండు కూడా కొనుక్కోండమ్మా అని షాపాయన చెబితే, కోనసీమలో చాపలకు కొదవా అని వచ్చేశాను, గుర్రాన్ని కొని కళ్ళెం దగ్గర బేరమాడినట్టు. మొదటి ఆర్డరు అల్లవరం కొబ్బరి వ్యాపారి గారి అమ్మాయి పెళ్ళిది. శ్రావణమాసం, ముసురు, గాలినిండా తేమ, మంచాలూ అరుగులూ అన్నీ నిండిపోయినా కార్డులు ఆరవు, పరవడానికి ఇంక జాగా లేదు! అప్పుడు పాస్టరుగారే ఈ మందిరం తలుపులు తీయించారు. వ్యాపారిగారు హిందువులు, కార్డుమీద వారి దేవుడి బొమ్మ ఉంది, ఏమంటారోనని నేను బిక్కుబిక్కుమంటుంటే, పాస్టరుగారు ఆ కార్డు చూసి "అంటుకోకుండా ఎడంగా పరవండమ్మా" అన్నారు, అంతే. మీరు కూర్చున్న ఈ చాపలమీదే, ఈ సహోదరీలే కిటికీలు తెరిచి, విసనకర్రలు తెచ్చి ఆరబెట్టారు. స్టాండు తరువాత కొన్నాం లెండి.

వ్యాపారిగారు ఆ కార్డులు తీసుకువెళ్ళి, నాలుగు మూలలా పసుపు రాసిన ఒక కార్డు పట్టుకుని సకుటుంబంగా మా గుమ్మంలోకి వచ్చారు. మా వారు గబుక్కున లేచారు. పెరట్లోకి వెళ్ళిపోతారనుకున్నాను. "బాబుగారూ, మీ చేత్తో వేసిన కార్డేనండి, మొదట మీకే ఇవ్వాలని వచ్చేమండి" అన్నారు వ్యాపారిగారు. మా వారు ఎదురు వెళ్ళి ఆ కుడిచెయ్యే చాపి అందుకుని, "ఆయ్, తప్పకుండా వస్తామండి" అన్నారు. ఆ సగం వేళ్ళకు పసుపు అంటుకుంది. దేవునికే మహిమ, దేవునికే మహిమ!

ఇప్పుడు మా ప్రెస్సులో బల్లలు పెరిగాయి, పని పెరిగింది, దాని గొప్ప నేను చెప్పుకోను. మీలో ఎవరైనా ఏదైనా కండువా చాటున దాచుకుని కూర్చుని ఉంటే, అది దెబ్బ తిన్న చెయ్యే కావచ్చు, ఇంకేదైనా కావచ్చు, దాన్ని తప్పించి మిగతాదంతా వాడుకో ప్రభువా అని నాలాగా ప్రార్థించకండి. ఆయనకు కావలసింది అదే. బయటికి చాపండి, నమ్మండి.

ఇంకా చెప్పేదాన్నే గానీ, అదుగో, మా వారు ఆ స్తంభం పక్కనుంచి ఇంక చాల్లే కూర్చో అని సైగ చేస్తున్నారు. తిరిగి చూడండి సహోదరులారా, ఏ చేత్తో చేస్తున్నారో!