వరుస నడుమ ఖాళీ

నేను ఏ వాద్యమూ వాయించను. క్లారినెట్ ఊదితే గాలి నా చెవుల్లోంచి పోతుంది. డ్రమ్ము మీద కర్ర వేస్తే అది మోగడం మానేసి నన్ను చూసి నవ్వుతుంది. అయినా ఇచ్చోడ నుంచి అటు మహారాష్ట్ర సరిహద్దు దాకా ఏ పెళ్లి బరాత్ కదలాలన్నా "బ్యాండోళ్ల అక్క ఏది?" అని వెతికేది నన్నే.

మా ఆయన గల్ఫుకు పోతూ బ్యాండు మొత్తం నా నెత్తిన పెట్టి పోయాడు. మొత్తం అంటే సొట్టలు పడ్డ ఇత్తడి బాజాలు, పెద్ద డ్రమ్ము మోసే మా మరిది, క్లారినెట్ ఊదే మా చిన్నమామ, ఇంకొంతమంది వాయించేవాళ్లు, తనకు బుద్ధి పుట్టినప్పుడే కదిలే ఒక ట్రాలీ ఆటో. "నేనొచ్చెదాక బాజా ఆగొద్దు" అని మాత్రం చెప్పాడు. ఆగకుండా ఎలా నడపాలో చెప్పలేదు. మావాళ్లకు వాయించడం వచ్చు, నడవడమే రాదు. మూల తిరగాల్సి వస్తే ఒకడు గోడలోకి, ఒకడు మోరీలోకి పోయేవాడు. పెళ్లికొడుకు గుర్రం ముందు వెనక్కి వెనక్కి నడవమంటే బాజాలవాళ్లు డ్రమ్ములవాళ్ల కాళ్లు తొక్కేవాళ్లు. అందుకని ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు ఎటు తిరగాలి అన్నది నేను చేతిలోకి తీసుకున్నాను.

ఇంట్లో గచ్చు మీద గింజలు పరిచి వరుసలు కడతాను. పత్తి గింజలు సైడ్ డ్రమ్ములు, మక్కజొన్నలు బాజాలు, చింతగింజ మా మరిది. ఎండు మిరపకాయ మా చిన్నమామ. ఆయన నోటికి అంతకన్నా తగిన వస్తువు దొరకలేదు. గల్లీ ఎంత ఇరుకైతే గింజలను అంత దగ్గరికి జరుపుతాను. ఒకసారి ఆదిలాబాద్‌లో ఎంత ఇరుకు గల్లీలో బ్యాండును వెనక్కి తిప్పానంటే, మా నీడలు లోపలికి పట్టక గల్లీ మొదట్లోనే ఆగిపోయాయి. మేం బయటికి వచ్చాక మళ్లీ అతుక్కున్నాయి. నమ్మనివాళ్లు పోయి ఆ గల్లీ చూసుకోవచ్చు. కొంచెం లావుగా ఉన్నవాళ్లు మాత్రం పోవద్దు.

ఆ గింజల మధ్య ఒక ఉల్లిగడ్డ కూడా పెడతాను. అది పెళ్లికొడుకు మేనమామ.

ఉల్లిగడ్డకు కారణం ఉంది. బ్యాండు చేతికొచ్చిన కొత్తలో నేనూ అందరిలాగే సందు లేకుండా వరుసలు కట్టేదాన్ని. ఒక పెళ్లిలో, దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన మేనమామ తీన్మార్ వినగానే బ్యాండు మధ్యకు ఉరికాడు. మధ్యలో జాగా లేదు. ఎగిరినవాడు ఎక్కడో ఒకచోట దిగాలి కదా, నేరుగా పెద్ద డ్రమ్ములో దిగాడు. సగం లోపల, సగం బయట. లాగుదామంటే పిల్ల తరఫువాళ్లు ముహూర్తం దాటుతోందని తొందర పెట్టారు. అలాగే మోసుకుపోయాం. మరిది బయటి నుంచి కొడుతుంటే ఆయన లోపలి నుంచి తాళం వేశాడు. జీలకర్ర బెల్లం వేళకు గానీ బయటికి రాలేదు. ఇందులో డ్రమ్ము చిరిగిన మాట అచ్చంగా నిజం. మిగతాది నేను చెబుతున్నాను కాబట్టి నిజం.

ఆనాటి నుంచి నా వరుసల్లో అక్కడక్కడ ఖాళీలు విడిచిపెడతాను. ఎగిరేవాడు వస్తే వరుస తెరుచుకుని వాడిని లోపలికి తీసుకుంటుంది. వాడు ఎగురుతూనే ఉంటాడు, బ్యాండు నడుస్తూనే ఉంటుంది. అలిసిపోయాక ఒక పక్కన దించి పోతాం. ఆ తర్వాత మా డ్రమ్ము మళ్లీ చిరగలేదు.

ఇక మందమర్రి సంగతి. ఆషాఢంలో ముహూర్తాలుండవు. ఆ నెలలో ఒక సెలవు రోజు, కరీంనగర్, ఆదిలాబాద్ వైపుల బ్యాండ్లకు నడకలు కట్టేవాళ్లంతా అక్కడ ఒక బొగ్గుగనుల కాలనీ గ్రౌండులో కలుస్తారు. బళ్లలో డ్రిల్లు నేర్పేవాళ్లు, క్రిస్మస్ ఊరేగింపు నడిపించే చర్చి బ్యాండువాళ్లు, పరేడ్లు చేయించినవాళ్లు. పోటీ కాదు, బహుమతులు లేవు. ఒక్కొక్కరు సున్నంతో నేల మీద తమ నడక గీసి చెబుతారు, తర్వాత వాయించేవాళ్లు దాని మీద నడిచి చూపిస్తారు. మిగతావాళ్లు చప్పట్లు కొడతారు. చాయ్ తాగుతూ ఒకరి గీత ఒకరు చెరిపి, ఇలా తిప్పితే బాగుంటుందని మళ్లీ గీస్తారు. ఏమీ వాయించనివాళ్లను కూడా మాస్టర్ అని పిలిచే చోటు ఈ లోకంలో నాకు తెలిసి అదొక్కటే.

ఒక ఏడు మేమూ మొదటిసారి పోయాం. పెళ్లి బ్యాండని మమ్మల్ని అన్నాల వేళ పాటలు కొట్టమన్నారు. కొట్టాం, తిన్నాం, వచ్చాం. మా చిన్నమామ దారి పొడుగునా మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోవడం మా ఇంట్లో జ్వరం కిందే లెక్క. ఇంటికి వచ్చాక ఒక్క మాటే అన్నాడు.

"బిడ్డా, ఊదుడు మొదలువెట్టినకాంచి పెండ్లిలనే ఊదిన. మంది పెండ్లికొడుకును సూస్తరు, గుర్రాన్ని సూస్తరు. నన్నెవ్వలు సూడలే. ఒక్కపారి ఆ గీతల మీద నడిచి సప్పట్లు కొట్టిచ్చుకోవాలె."

అందుకే మరుసటేడు వంతు అడిగే ఉద్దేశంతోనే పోయాం. కరీంనగర్‌లో ఒక మిషన్ బడిలో డ్రిల్లు నేర్పే మేడం ముందే ఫోన్ చేసి, "అక్కా, ఈపారి మీరు గూడ గియ్యాలె. అడుగుండ్రి, నేనున్న" అని ధైర్యం చెప్పింది. మా చిన్నమామ ఎర్రకోటును తానే ఉతికి, తానే ఇస్త్రీ చేసి, నలగకూడదని ట్రాలీలో మందమర్రి దాకా నిలబడే వచ్చాడు.

పొద్దున్నే ఒక మూలన సున్నంతో నా నడక గీశాను. అక్కడి పెద్ద మాస్టర్ వచ్చి చూశారు. కాలనీలో ఏళ్ల తరబడి పరేడ్ బ్యాండు నడిపి రిటైరైన మనిషి. ఆయన నిలబడితే పక్కనున్న కరెంటు స్తంభం వంకరగా కనబడుతుంది. వంతులు ఇచ్చేది ఆయనే.

"ఏందమ్మా గిది? వరుసల నడుమ పండ్లూడినట్టు గీ ఖాళీలేంది?"

"అవి మేనమామల జాగలు సార్."

"ఏ మేనమామలు?"

"ఎవ్వల పెండ్లయితే వాళ్ల మేనమామలు."

చుట్టూ ఉన్న మాస్టర్లు ఫక్కున నవ్వారు. ఆయన నవ్వలేదు.

"గీ గ్రౌండ్ల మేనమామలెవ్వలున్నరు?"

"బాజా మోగితే వస్తరు సార్. ఎక్కడున్నా వస్తరు."

"సూడు బిడ్డా, వరుస అంటె వరుస తీరు కండ్లవడాలె. దూరంకెల్లి సూస్తె గోడ గట్టినట్టుండాలె. ఆ బొక్కలు మూసెయ్యి, అన్నాలైనంక మొదటి వంతు నీకే ఇస్త. మూయనంటవా, పోయినేడు లెక్క అన్నాల కాడ పాటలు కొట్టుండ్రి."

మేడం ఏదో చెప్పబోయింది. ఆయన చెయ్యెత్తారు. ఆయన చెడ్డ మనిషేమీ కాదు, వంకర చూస్తే కడుపు నొప్పి వచ్చే మనిషి.

మా చిన్నమామ నన్ను పక్కకు లాగాడు.

"మూసేద్దాం తీ బిడ్డా. ఒక్కపూటకు ఏం బోతది? మల్ల పెండ్లిలకు తెరుసుకోవచ్చు."

ఆయన మొహం చూస్తే నాకు సున్నం డబ్బా అందుకోవాలనే అనిపించింది. చిటికెలో పని. ఇద్దరిని ముందుకు, ఇద్దరిని పక్కకు జరిపితే గోడ తయారు. మా చిన్నమామకు చప్పట్లు, నాకు మాస్టర్ అన్న పిలుపు. కానీ అలా మూసినది బళ్లలో కట్టే నడక అవుతుంది, వాళ్లు నాకన్నా బాగా కడతారు. నేను కనిపెట్టినదంతా ఆ ఖాళీల్లోనే ఉంది. దాన్ని పూడ్చేసి, పూడ్చినదాని మీద నడిచి చప్పట్లు కొట్టించుకుంటే, ఆ చప్పట్లు ఎవరివి?

"మూయ మామా" అన్నాను.

"ఓ అమ్మా! మొండిపట్టు గిట్ల ఎవలన్న వడతరా? కోటు ఇస్త్రీ జేసుకొస్తిని గదనే!"

"కోటు ఇప్పకు. నడుస్తం."

"ఎప్పుడు నడుస్తం? వంతే లేదాయె!"

అప్పటికి నాకూ తెలియదు. అన్నాల వేళ తెలిసింది.

షామియానా కింద వంట గంజులు దించారు. బగారన్నం, కోడికూర. జనం స్టీలు పళ్లాలు పట్టుకుని ఎక్కడివాళ్లక్కడే నిలబడి తింటున్నారు. గంజుల దగ్గరి నుంచి గేటు దాకా అడ్డదిడ్డంగా మనుషులు, స్కూటర్లు, నీళ్ల డ్రమ్ము, మధ్యలో వానకు నిలిచిన బురద. పొద్దుట వాళ్లు గీసిన గీతలన్నీ చెప్పుల కింద చెరిగిపోయాయి. నాకు ఒక్కసారిగా గుండె నిండినట్టయింది. ఇది గ్రౌండు కాదు, పెళ్లి గల్లీ!

"తినకుండ్రి, ఎత్తుండ్రి" అన్నాను మరిదితో.

"ఏడికి వదినె?"

"గంజులకాంచి గేటు దాక."

"నడుమ మంది తింటుండ్రు గద?"

"అందుకే."

వాడు నన్ను ఒక్క క్షణం చూసి, పళ్లికిలించి డ్రమ్ము మెడకు తగిలించుకున్నాడు. అన్నాల కాడ పాటలు కొట్టమన్నది వాళ్లే. కూర్చుని కొట్టమని ఎవరూ అనలేదు.

తీన్మార్ మొదలైంది. ముందు సైడ్ డ్రమ్ములు, రెండు పక్కలా బాజాలు, వెనక మరిది, అన్నిటికీ ముందు ఎర్రకోటు. నేను పక్కనే నడుస్తూ చేత్తో చెబుతున్నాను. స్కూటరు దగ్గర వరుస సన్నబడింది, నీళ్ల డ్రమ్ము దగ్గర రెండుగా చీలి మళ్లీ కలిసింది. తింటున్నవాళ్ల చుట్టూ తెరుచుకుని వెనక మూసుకుంది. మేడం బడి పిల్లలు ఎవరూ చెప్పకుండానే ఎగురుతూ వచ్చి ఖాళీల్లో పడ్డారు, కొంతదూరం ఎగిరి దిగిపోయారు. ఒక్కరి పళ్లెంలోంచి ఒక్క మెతుకు రాలలేదు. ఒక కోడికాలు మాత్రం కనబడకుండా పోయింది. దాని గురించి నా మీద ఉన్న పుకారు వట్టిది.

నట్టనడుమ పెద్ద మాస్టర్ నిలబడ్డారు, చేతిలో పళ్లెం. మేము వస్తున్నది చూశారు. జరగలేదు. కావాలనే జరగలేదు. నేనూ కావాలనే ఆపలేదు.

వరుస ఆయన దగ్గరికి వచ్చి తెరుచుకుంది, ఆయనను లోపలికి తీసుకుని మూసుకుంది.

ముందు డ్రమ్ములు, వెనక పెద్ద డ్రమ్ము, అటూ ఇటూ ఇత్తడి. ఇప్పుడు నిలబడితే మరిది డ్రమ్ము వీపుకు తగులుతుంది. ఆయన నడవాల్సి వచ్చింది. ఏదో అరిచారు, ఆ మోతలో దేవుడికి కూడా వినబడి ఉండదు. పళ్లెంలో ఉల్లిగడ్డ ముక్క అటూ ఇటూ జారుతోంది. మొదట కాలు తప్పుతూ నడిచారు. మరిది ఆ కాళ్లను చూసి దెబ్బ కాస్త నిదానం చేశాడు. ఆ తర్వాత జరిగింది మాత్రం నేను కల్పించలేను. ఆయన నడుము నిటారుగా అయింది, గడ్డం పైకి లేచింది, ఎడమకాలు సరిగ్గా పెద్ద డ్రమ్ము దెబ్బ మీద పడింది. ఆయన మొహం ఇంకా కోపంగానే ఉంది. కాళ్లు మాత్రం ఆ మొహం మాట వినడం మానేశాయి. బగారన్నం పళ్లెం ఛాతీ ముందు పట్టుకుని, జెండా ముందు నడిచినట్టు గేటు దాకా నడిచారు.

గేటు దగ్గర వరుస తెరిచి ఆయనను దించాం. బాజా ఆగింది. గ్రౌండంతా మా వైపే చూస్తోంది.

మా చిన్నమామ క్లారినెట్ దించి, గుసగుసగా అడిగాడు. "సప్పట్లేవే బిడ్డా?"

అందరి చేతులూ కూరలో ఉన్నాయి మరి! ముందుగా మేడం చెంచాతో తన పళ్లేన్ని కొట్టింది. పక్కవాళ్లు వేళ్లతో మొదలుపెట్టారు. అటు తర్వాత స్టీలు మోత గంజుల దాకా పాకింది, గరిటె పట్టుకున్న వంటాయన కూడా గంజును వాయించాడు. మా చిన్నమామ ఎర్రకోటు సర్దుకుని, ఎవరికి పెట్టాలో తెలియక చుట్టూ తిరుగుతూ అందరికీ దండం పెట్టాడు.

పెద్ద మాస్టర్ పళ్లెంలోకి చూసుకుని, ఒక ముద్ద తిని, అప్పుడు నా వైపు తిరిగారు.

"నన్నెందుకు ఇడిచిపెట్టలే?"

"ఇడిచిపెట్టినం గద సార్, గేటుకాడ."

ఆయన మీసం కింద ఏదో కదిలింది. దాన్ని నవ్వు కానివ్వలేదు.

"అన్నాలైనంక మొదటి వంతు మీది. కానీ ఆ బొక్కలు..."

"మూయ సార్."

"మల్ల వంతెట్ల?"

"మా వంతు అయిపాయె. మీరు లోపలనే ఉంటిరి గద."

ఆయన పళ్లెం పక్కన పెట్టారు. అన్నం దగ్గరి లైను దాకా పోయి, "జరుగుండ్రి, జర జాగ ఇయ్యుండ్రి" అని గదిమి మనుషులను అటూ ఇటూ జరిపారు. లైను నడుమ ఏర్పడిన జాగలోకి మా చిన్నమామను చేయి పట్టుకుని తీసుకుపోయి నిలబెట్టారు. ఏ పెళ్లిలోనైనా అందరూ తిన్నాక తినే మనిషి, ఆ రోజు ఇంకా పొగలు పోతున్న గంజు ముందు నిలబడ్డాడు.

ఇప్పటికీ ఆషాఢం వస్తే పోతాం. పెద్ద మాస్టర్ నా గీతల ముందు నిలబడి బొక్కలు మూసెయ్యమంటారు, నేను మూయనంటాను. ఆయన వంతు ఇవ్వనంటారు. సరిగ్గా అన్నాల వేళకు పళ్లెం పట్టుకుని, నట్టనడుమకు వచ్చి నిలబడతారు.