నా డబ్బాల్లోకి వచ్చిన గొర్రెల మంద

మొన్న మార్కాపురంలో మందుల దుకాణానికి పోతే, దుకాణదారు నా చేతిలో ఒక పొట్లం పెట్టి, ఇందులో పొట్టకు మేలు చేసే సూక్ష్మజీవులున్నాయి మేడం, పరగడుపున వేసుకోండి అని ఎంతో ఓపికగా బోధించాడు. నా ఉద్యోగమంతా ఆ జీవుల వెంట తిరగడమేనని చెప్పకుండా బుద్ధిగా తలూపి, బస్టాండు దాకా ఒక్కదాన్నే నవ్వుకుంటూ నడిచాను. మన చిన్నతనంలో క్రిమి అనే మాటకు ముందు మంచి అని తగిలించి ఉంటే, నేరుగా పిచ్చాసుపత్రికి దారి చూపించేవారు కాదూ!

నేను పరిశోధనలో చేరిన కొత్తలో, రాచర్ల దగ్గరి పల్లెలో ఉండే మా పెద్దమ్మ చేతివేళ్లు వంకర్లు తిరిగి, జొన్నరొట్టె తట్టలేని స్థితికి వచ్చాయి. ఒంటిని కాయాల్సిన బలగమే దారితప్పి సొంత కీళ్లను కొరకడం ఆ జబ్బు లక్షణం. కాపలా కుక్కలు తమ మందమీదే పడ్డట్టన్నమాట. ఆ కుక్కలకు బుద్ధి నేర్పేవి పేగుల్లోని సూక్ష్మజీవులేమోనని నా చేత పరిశోధన చేయించే సారుకు అనుమానం, నాకు పంతం. గొర్రెల వెంట తిరిగే కాపరుల కడుపుల్లో పట్నంవాళ్లకు లేని జీవులు ఉండొచ్చు గనక, వాళ్ల మలం డబ్బాల్లో సేకరించాలి. ఎండలు ముదిరితే మందలు తూర్పుకు కదిలిపోతాయి. ఆలోపు నమూనాలు అందకపోతే ఈ పని కట్టిపెట్టి వేరే విషయం చూసుకోమని సారు తేల్చి చెప్పారు.

ఆ ఏడు ఎండలకు మా పల్లెలో బల్లులు గోడ దిగి నీడకోసం చెప్పుల్లో దూరేవి. సాక్ష్యానికి ఇప్పుడు పెద్దమ్మ లేదు గనక నా మాటే నమ్మాలి. నేను సిగ్గు విడిచి, మాట మాత్రం చుట్టుతిప్పి చెప్పి కాపరులకు డబ్బాలు పంచితే, మర్నాటికల్లా అన్నీ నిండి వచ్చాయి. మూతలు తీసి చూడకుండానే మంచుగడ్డల పెట్టెలో సర్ది బస్సెక్కితే, ఐసుఫ్రూటా అని అడిగినవాళ్లకు పాముగుడ్లని చెప్పాను. కంభం వచ్చేసరికి బస్సులో నేనూ డ్రైవరూ మాత్రమే మిగిలాం. డ్రైవరు కూడా దిగిపోయాడంటే మీరు నమ్మరు గనక అనను.

కొన్నాళ్లకు సారు ఫోన్ చేసి, మీ ఊరివాళ్లు గడ్డి మేస్తారా అని అడిగారు. డబ్బాల నిండా ఉన్నది గొర్రె ఎరువు! పరుగున పోయి, నేను మామా అని పిలిచే పెద్దకాపరిని నిలదీస్తే, ఆయన నాకంటే ఎక్కువ ఆశ్చర్యపోయాడు.

"మనిషిదా! మంద ఎరువు అడగను సిగ్గుపడి, చదువుకున్న పిల్ల అట్ల చుట్టుతిప్పి చెప్తాందనుకుంటిమి గదమ్మీ!"

మనిషిదేనని నేను గట్టిగా చెప్పేసరికి నవ్వులు ఆగిపోయాయి. చేతబడికేమోనని ఆడవాళ్లు పిల్లల్ని లోపలికి లాక్కున్నారు. అప్పటికే కొందరు పయనానికి మూటలు కడుతున్నారు.

నేను ఉసూరుమంటూ ఇల్లు చేరితే పెద్దమ్మ ఒకటే అడిగింది.

"వాళ్లకు బువ్వ పెట్టినావా?"

పెట్టలేదన్నాను. రాత్రి చేన్లో మందను ఆపించుకున్న రైతు, ఎరువు తనకు మిగులుతుంది గనక, కాపరి ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టి పంపడం మా వైపు ఆనవాయితీ.

"గొర్రె ఎరువుకే బువ్వ పెడతారే, మనిషి ఒంట్లోది ఊరకే అడిగితివి. మంత్రగాళ్లు గాక ఎవరడుగుతారట్ల?"

మర్నాడు మా వాకిట్లో పొయ్యి పెట్టాం. పెద్దమ్మ వేళ్లు సాయానికి రావు గనక తిట్లు ఆమెవి, రొట్టెలు నావి. ఏ ఒక్కటీ గుండ్రంగా రాలేదు, జిల్లా పటంలో ఉన్న మండలాలన్నీ పెనం మీద దిగాయి. పెద్దమ్మ కబురు పంపితే కాపరులంతా వచ్చి తిన్నారు. పెద్దమ్మ నా దగ్గర డబ్బా అడిగి తీసుకుని, నడవలేక నడుస్తూ అందరి ఎదుటా దొడ్డివైపు పోయి, తిరిగొచ్చి మూత బిగించమని నాకిచ్చింది. మామ లేచి చెయ్యి చాపాడు.

"ఇట్లియ్యి అమ్మీ. నీ రొట్టె తిన్నాక డబ్బా నిండను ఎక్కువసేపు పట్టదులే."

ఈసారి సారు ఫోన్‌లో, మనుషులే అన్నారు. నా పని నిలబడింది.

పెద్దమ్మ వేళ్లు మాత్రం చక్కబడలేదు. ఆమె పోయాక కూడా ఏ ఊరికి పోయినా ముందు పొయ్యి, తర్వాతే డబ్బాలు. ఇప్పుడు మా వైపు చేలకు ఎరువు బస్తాల్లో వస్తోంది, మందలు పలచబడ్డాయి, మామ మనవలు ప్యాకెట్ తిండి తింటున్నారు. ఆనాటి జీవుల్లో కొన్ని వాళ్ల కడుపుల్లో నాకు మళ్లీ కనబడలేదు; మా సంస్థ మంచుపెట్టెలో నిద్రపోతున్నాయి. ఆ జీవుల మందైతే ఉంది, దిగడానికి చేను లేదు. అయినా వచ్చే వారం మళ్లీ రాచర్లకు పోతున్నాను, జొన్నపిండి పట్టించుకుని.

మొన్న మార్కాపురంలో బస్సెక్కాక కళ్లద్దాలు పెట్టుకుని దుకాణదారు ఇచ్చిన పొట్లాన్ని అటూ ఇటూ తిప్పి చదివాను. ధర ఉంది, గడువు ఉంది. అవి ఎవరి కడుపులోనుంచి వచ్చాయో, ఆ మనిషికి బువ్వ పెట్టారో లేదో మాత్రం ఎక్కడా రాయలేదు.