నాలుగు గడుల జాతకం

ఆ రోజుల్లో డిగ్రీ పాసైన వాడికి ఊరంతా సలహాలు ఇచ్చేది, ఉద్యోగం మాత్రం ఎవరూ ఇచ్చేవారు కాదు. డెబ్బైల చివర్లో నేను రెండేళ్లు అలా సలహాలు తినే బతికాను. ఆఖరికి చిత్తూరులో నిరుద్యోగులకు సొంత వ్యాపారం మీద శిక్షణ ఇస్తున్నారంటే వెళ్లి చేరాను (మధ్యాహ్నం భోజనం ఉచితమని చేరలేదు అంటే మీరెలాగూ నమ్మరు). అక్కడి సారు ఒకరోజు నల్లబల్ల మీద చతురస్రం గీసి, దాన్ని నాలుగు గడులు చేసి, బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు అని రాశాడు. "అంగడి తెరిచే ముందు ఇది నింపండి. మొహమాటం వద్దు. మీరు తప్ప ఈ కాగితం ఎవరూ చూడరు" అన్నాడు. ఆ చివరి మాట నమ్మి చెడ్డాను.

నేను పెట్టాలనుకున్నది నగరి మగ్గాల మీద నేసిన తువ్వాళ్ల అంగడి. తిరుపతి బస్టాండు దగ్గర మా మేనమామ ఇంటి ముందుగది ఖాళీగా ఉండేది. కొండకు వచ్చేవాళ్లలో సగంమంది తువ్వాలు మరచిపోయి వస్తారు, కాబట్టి అవకాశాల గడి అనాయాసంగా నిండింది. మామ గది ఇస్తానన్నాడు, కానీ తానూ అంగట్లో కూర్చుంటానన్నాడు. అప్పటినుంచి నాకు అన్నం సయించలేదు. మామ మనసు వెన్న, నోరు మాత్రం పచ్చిమిరపకాయ. ఆయనతో బేరమాడిన వాళ్లు రెండోసారి ఆ వీధిలోకి రారు. ఆ సంగతి ఆయనతో అనే ధైర్యం నాకేదీ? ఆయనకు కోపమొస్తే గది పోతుంది, గది పోతే మళ్లీ సలహాలే గతి. అందుకని కాగితంతో చెప్పుకున్నాను. బలహీనతల గడిలో "మామ నోటి దురుసు. కొనకుంటే పో అంటాడు. మధ్యాహ్నం కూర్చున్నచోటే గురక" అని రాశాను. ముప్పుల గడిలో "మామ కోపం" అని రాసి కింద రెండు గీతలు గీశాను. కాగితం పుస్తకంలో దాచి, ఆ రాత్రి మామ ఇంట్లోనే పడుకున్నాను.

మరుసటిరోజు చూస్తే పుస్తకంలో కాగితం లేదు. ఇల్లంతా వెతికి అత్తను అడిగాను.

"ఆ జాతకమా? నాలుగు మూలలా పసుపు బెట్టి మీ మామ చేతికిస్తి. అంగడికి ముహూర్తం అడిగేదానికి అయ్యోరి కాడికి ఎత్తుకపోయినాడు."

"అది జాతకం కాదత్తా!"

"గళ్లు గీసిండాది కదబ్బా! పన్నెండు ఉండాల్సింది నాలుగే ఉండాయేమని నేనూ అనుకుంటి. డిగ్రీ సదివినోళ్లకు కురసగా రాస్తారేమోలే అని ఊరకుంటి."

సైకిలెక్కితే దారిలో గొలుసు రెండుసార్లు ఊడింది. గుడి వెనక వీధిలో అయ్యవారి ఇంటికి చేరేసరికి ఆయన కాగితం చదువుతున్నాడు. ఎదురుగా మామ చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మామ బస్సు బోర్డులు తప్ప ఇంకేమీ చదవలేడని నాకు గట్టి నమ్మకం, ఆ క్షణాన నాకు మిగిలిన బలం అదొక్కటే. అయ్యవారు చదవడం ముగించి, గుమ్మంలో వగరుస్తున్న నన్ను చూసి, మళ్లీ కాగితం చూశాడు.

"ఈ జాతకంలో మేనమామ స్థానం శానా బలంగా ఉండాదప్పా" అన్నాడు మామతో. "ఎంత బలమంటే, ఆయన అంగట్లో కూర్చుంటే వచ్చిన బేరం నిలబడదు."

"అయితే ఏం జేయాల స్వామీ?"

"గది ఇచ్చి, అక్షింతలేసి, ఇంట్లో సుఖంగా ఉండమంటాండాది."

మామ కాగితం వైపు చూస్తూ తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. ఆ కాసేపట్లో నా అంగడి తెరవకుండానే మూడుసార్లు మూతపడింది. చివరికి, "గ్రహాలు సెప్పినాక నాదేముండాది? పెన్సిలియ్యండి, మంచిరోజు రాసుకుంటా" అన్నాడు. అయ్యవారు తేదీ చెప్పాడు. మామ కాగితం మోకాలి మీద పెట్టుకుని చాలాసేపు రాశాడు. తేదీకి అంతసేపెందుకని నాకు తోచలేదు, బతికిపోయానన్న సంబరంలో ఉన్నాను. అంగడి తెరిచిన రోజు ఆయనే దాన్ని మడిచి అంగట్లో వెంకటేశ్వరస్వామి పటం వెనక దోపాడు. "తియ్యగాకు అల్లుడా" అన్నాడు. నేను తీయలేదు. భయం!

అంగడి నిలబడింది. మామ రోజూ వీధి అరుగు మీదే కూర్చునేవాడు, లోపలికి మాత్రం వచ్చేవాడు కాదు. ఇరవై ఏళ్ల తర్వాత సున్నం వేయించడానికి పటం దించితే కాగితం జారి పడింది. అప్పటికి మామ పోయి నాలుగేళ్లు. వెనకవైపు తేదీ ఉంది. ముందువైపు బలహీనతల గడిలో, నా రాతకు కింద, బస్సు బోర్డు మీద ఉన్నట్టు లావాటి అక్షరాలతో పెన్సిలు రాత: "అల్లునికి మామంటే భయం. మొకాన సెప్పడు."

అంటే ఆయన అంతా చదివాడు. చదివి కూడా గది ఇచ్చాడు. ఆ గడిలో నేను రాసుకోని నా బలహీనతను ఆయనే నింపి పెట్టాడు. నాకు నవ్వొచ్చింది, కళ్లూ తడిశాయి. పటం తుడిచి మేకుకు తగిలిస్తూ, "మామా, నీ నోరు శానా దురుసు" అని పైకే అన్నాను. తువ్వాలు బేరమాడుతున్న ఆవిడ ఉలిక్కిపడి చూసింది. అనేశాక చూసుకుంటే, అదేమంత కష్టమైన మాట కాదు.